970, 1060: పాత కార్డుల పంచాయితీ

ఎన్విడియా వాళ్ల పాత గ్రాఫిక్స్ కార్డుల్లో జీటీఎక్స్ 970 మేలా, జీటీఎక్స్ 1060 మేలా అని ఎవరైనా అడగడమే ఆలస్యం, ఎవరో ఒకరు ఎక్కడి నుంచో ఒక బార్ చార్ట్ పట్టుకొచ్చి ముందు పెట్టేస్తారు. అందులో 1060 కాస్త పైన, 970 కాస్త కింద, తేడా పదో పదిహేనో శాతం. "అంతే కదా, ఏదైనా ఒకటే" అని తీర్పు కూడా చెప్పేస్తారు. నా దగ్గర రెండూ ఉన్నాయి, ఒకే కంప్యూటర్‌లో మార్చి మార్చి వాడుతుంటాను, అందుకని చెబుతున్నా, ఆ చార్ట్ అబద్ధం కాదు కానీ ఇప్పుడు దానితో పెద్ద పనీ లేదు. ఈ రెండు కార్డుల అసలు తేడా సగటు ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి వచ్చే ఫ్రేముల లెక్కలో) దొరకదు. మెమరీ ఎంత ఉంది, ఎదురుగా ఉన్న మానిటర్ ఏ రకం, వీడియోలు ఎంత చూస్తారు, అక్కడ దొరుకుతుంది.

ఒక సంగతి ముందే చెప్పేస్తా. ఇక్కడ 1060 అంటే 6 జీబీదే. 3 జీబీ దాన్ని కింద విడిగా తిడతాను.

పుట్టుపూర్వోత్తరాలు చూస్తే 970 వచ్చింది 2014 సెప్టెంబర్‌లో, మ్యాక్స్‌వెల్ తరం. 1060 వచ్చింది 2016 జూలైలో, పాస్కల్ తరం. 70 అంటే 60 కన్నా పెద్దదే కదా అనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. ముందున్న అంకె తరాన్ని చెబుతుంది, చివరి రెండంకెలు ఆ తరంలో దాని స్థాయిని చెబుతాయి, తరం దాటాక ఆ స్థాయిల పోలిక చెల్లదు. నిజానికి 1060 విడుదలప్పుడు ఎన్విడియా దాన్ని పోల్చుకున్నది 970తో కాదు, దానికి పైనున్న 980తో. ఆ మాట చాలావరకు నిలబడింది కూడా.

కాగితం మీద మాత్రం 970 గట్టిదిగానే కనిపిస్తుంది. దీనికి కోర్లు 1664, దానికి 1280. దీని మెమరీ బస్ (మెమరీకి పోయే దారి వెడల్పు) 256 బిట్, దానిది 192. 1060 బలమంతా క్లాక్‌లో, అంటే కోర్లు నడిచే వేగంలో ఉంది. 970 బూస్ట్ క్లాక్ 1178 మెగాహెర్ట్జ్ అయితే 1060ది 1708, కాస్త చల్లగా ఉంచితే మనం అడగకుండానే 1900 దాకా వెళ్లిపోతుంది. కారణం తయారీలో ఉంది. 970 చిప్‌ను 28 నానోమీటర్ల పద్ధతిలో చేశారు, 1060 చిప్‌ను 16 నానోమీటర్ల ఫిన్‌ఫెట్ పద్ధతిలో చేశారు. మొదటిది 398 చదరపు మిల్లీమీటర్ల పెద్ద చిప్, రెండోది 200. సగం సైజున్న చిప్ రెండేళ్లు తిరక్కుండానే పెద్దదాన్ని దాటేసిందంటే ఆ గొప్పలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీదే.

ఎందుకంటే లోపల చూస్తే ఈ రెండూ దాదాపు ఒకే డిజైన్. రెండిట్లోనూ కోర్లు 128 చొప్పున గుంపులు కట్టి ఉంటాయి, 970లో 13 గుంపులు, 1060లో 10. ఒక్కో కోర్ ఒక్కో క్లాక్‌కి చేసే పని ఇంచుమించు ఒకటే. కాబట్టి లెక్క మనమే వేసుకోవచ్చు. కోర్ల సంఖ్యను రెండుతో (ఒక్కో కోర్ ఒక్కో క్లాక్‌కి రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి), ఆపైన క్లాక్‌తో గుణించడమే. 970కి 1664 × 2 × 1178 మెగాహెర్ట్జ్, అంటే 3.9 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు). 1060కి 1280 × 2 × 1708, అంటే 4.4 దగ్గర. తేడా పదకొండు, పన్నెండు శాతం. చార్టుల్లో కనిపించేది కూడా అటూ ఇటూగా ఇదే.

ఇప్పుడు 970ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే మామూలు కన్నా ఎక్కువ క్లాక్‌లో నడిపి, 1450 దగ్గర నిలబెట్టామనుకోండి (చాలా 970లు ఆ మాత్రం తట్టుకుంటాయి), 4.8 వస్తుంది. 1060 తనంతట తాను 1900లో నడుస్తుంటే దానికీ 4.8 చిల్లరే. అంటే సమఉజ్జీలే. "ఓవర్‌క్లాక్ చేసిన నా 970 ముందు 1060 ఏపాటిది" అని వాదించేవాళ్లు ఉత్తినే వాదించట్లేదు, వాళ్ల దగ్గర లెక్క ఉంది. 1060ని కూడా 2000 దాటించొచ్చు కదా అని అవతలివాళ్లు అంటారు, అదీ నిజమే, ఇక ఆ గొడవ తెల్లార్లూ నడుస్తుంది. నాకు ఆ గొడవ మీద ఆసక్తి పోయి చాలా కాలమైంది.

అసలు కథ మెమరీది.

970 పేరు చెబితే మూడున్నర జీబీ గొడవ గుర్తుకు రాని పాత గేమర్ ఉండడు. 2014లో ఇచ్చిన లెక్కల ప్రకారం ఈ కార్డుకి 4 జీబీ మెమరీ, 256 బిట్ బస్, 64 ఆర్‌ఓపీలు (చివరి పిక్సెళ్లను మెమరీలో రాసే యూనిట్లు), 2 ఎంబీ ఎల్2 క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ). బయటికి వచ్చిన కొన్ని నెలలకి కొందరు ఒక వింత గమనించారు. గేమ్‌లో మెమరీ వాడకం 3.5 జీబీ దాకా ఎక్కి అక్కడే ఆగిపోతోంది, అదే గేమ్ 980 మీద 4 జీబీ దాకా సాఫీగా పోతోంది. గోల పెద్దదై 2015 జనవరి చివర్లో ఎన్విడియా నోరు విప్పాల్సి వచ్చింది. తేలిందేమిటంటే ఆర్‌ఓపీలు 64 కాదు 56, క్యాష్ 2 ఎంబీ కాదు 1.75. మెమరీ 4 జీబీ ఉన్నమాట నిజమే, కానీ అది రెండు ముక్కలుగా ఉంది, 3.5 జీబీ వేగంగా పనిచేసే ముక్క, 0.5 జీబీ నత్తనడక ముక్క.

ఇది ఎలా జరిగిందో అర్థమైతే కోపం కాస్త తగ్గుతుంది. 980, 970 రెండూ ఒకే చిప్ నుంచి వచ్చినవి. చిప్‌లో ఏదైనా భాగం పాడైతే ఆ భాగాన్ని ఆపేసి తక్కువ స్థాయి కార్డుగా అమ్మడం ఎప్పటి నుంచో ఉన్నదే. పూర్తి చిప్‌లో ఎనిమిది మెమరీ దారులు, ఒక్కోదానికి ఒక్కో ఎల్2 క్యాష్ ముక్క ఉంటాయి. అంతకుముందు తరాల్లో ఒక క్యాష్ ముక్కను ఆపేస్తే దాని వెంట ఉన్న మెమరీ దారిని కూడా మూసేయాల్సి వచ్చేది. మ్యాక్స్‌వెల్‌లో కొత్త వెసులుబాటు తెచ్చారు, ఒక క్యాష్ ముక్క పోయినా దాని మెమరీ చిప్‌ను పక్కదాని ద్వారా చేరుకోవచ్చు. ఎనిమిది గదులున్న ఇంట్లో ఏడు గదులకే తలుపులుండి, ఎనిమిదో గదికి పోవాలంటే ఏడో గదిలోంచి పోవాల్సి రావడం లాంటిది. ఇల్లు ఎనిమిది గదులదే, అబద్ధం లేదు, కానీ అందరూ ఒకేసారి కదిలితే ఏడో గుమ్మం దగ్గర తోపులాట. ఆ తోపులాట మొత్తం మెమరీని నెమ్మది చేయకుండా ఉండటానికే ఏడింటిని కలిపి ఒక ముక్కగా, ఎనిమిదోదాన్ని విడిగా ఉంచారు.

అంకెల్లో చెప్పాలంటే ఒక్కో దారి సెకనుకి 28 జీబీ మోస్తుంది. ఏడు దారులకి 196. మిగిలిన ఆ ఒక్కదానికి 28. అట్ట పెట్టె మీద రాసిన 224 అనేది రెండూ కూడితే వచ్చే అంకె, కానీ చదివేటప్పుడు ఆ రెండు ముక్కలూ ఒకేసారి పనిచేయవు కాబట్టి 224 అనేది చదివేటప్పుడు కార్డు ఎప్పుడూ చూడని అంకె. ఇంజనీర్లకి, మార్కెటింగ్ వాళ్లకి మధ్య సమాచార లోపం అని ఎన్విడియా వాళ్లన్నారు. ఆ ఫిబ్రవరిలో కంపెనీ అధిపతి జెన్సెన్ హువాంగ్ స్వయంగా ఒక లేఖ రాశారు, అందులో ఇది నిజానికి మంచి ఫీచరే, మేం ముందే చెప్పి ఉండాల్సింది అన్న ధోరణి కనిపించింది. సాంకేతికంగా ఆయన మాటలో నిజం లేకపోలేదు. డబ్బు పెట్టి కొన్నవాడికి ఆ నిజం ఎక్కుతుందా అంటే ఎక్కదు. అమెరికాలో కేసు పడింది, 2016లో కార్డుకి 30 డాలర్ల చొప్పున ఇచ్చి రాజీ చేసుకున్నారు.

సరే, ఇంత రాద్ధాంతం జరిగిందిగా, వాడేటప్పుడు ఆ అర జీబీ నిజంగా తెలుస్తుందా?

నేను చూసింది చెబుతా. పెద్ద ఊళ్లున్న ఒక ఓపెన్ వరల్డ్ గేమ్, 1080పీ, సెట్టింగ్స్ మీడియం, టెక్స్చర్లు (వస్తువుల మీద అంటించే బొమ్మలు) మాత్రం హై. స్క్రీన్ మూలన ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) గ్రాఫ్, దాని కింద మెమరీ వాడకం. ఊరి బయట తిరుగుతున్నంతసేపు గ్రాఫ్ 17, 18 మిల్లీసెకన్ల దగ్గర గీత గీసినట్టు ఉంటుంది. బండి తోలుకుంటూ ఊళ్లోకి వస్తే మెమరీ అంకె 3300, 3400, 3500 ఎంబీ అంటూ ఎక్కుతుంది, అక్కడి నుంచి గీకుతూ ముందుకు పోతుంది. ఒక మలుపు తిరగ్గానే కొత్త వీధి మొత్తం ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తుంది, గ్రాఫ్‌లో సూదిలా ఒక గీత పైకి లేస్తుంది, కంటికి చిన్న కుదుపు. మళ్లీ మామూలే. మళ్లీ మలుపు, మళ్లీ కుదుపు. గోడల మీద పోస్టర్లు మొదట మసకగా ఉండి, ఒక క్షణం తర్వాత తేరుకుని స్పష్టమవుతాయి. ఇంత జరిగినా సగటు ఎఫ్‌పీఎస్ దగ్గర చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, ఎందుకంటే వేల ఫ్రేముల మధ్య పాతిక ముప్పై చెడ్డ ఫ్రేములు సగటులో కొట్టుకుపోతాయి. చార్ట్‌లో కనిపించనిది ఇదే.

అదే సేవ్ ఫైల్, అవే సెట్టింగ్స్, 1060 పెట్టి అదే దారిలో వెళ్తే మెమరీ 4 జీబీ దాటి అయిదు వైపు పోతుంది, మలుపు దగ్గర గ్రాఫ్ కొద్దిగా వణికి ఊరుకుంటుంది. అంతే. సగటు చూస్తే ఐదారు ఫ్రేములు ఎక్కువ. ఆడే మనిషికి మాత్రం వేరే కార్డు.

అయితే తప్పంతా ఆ అర జీబీ మీద వేయడం అన్యాయం, దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎన్విడియా డ్రైవర్ ఆ నెమ్మది ముక్కను చేతనైనంత వరకు ముట్టుకోదు, తప్పనప్పుడు అంతగా వాడకంలో లేనివాటిని అందులోకి తోస్తుంది, 2015 నాటి గేముల్లో ఇది బాగానే పనిచేసింది. ఇప్పుడొచ్చే కుదుపులకి అసలు కారణం 4 జీబీయే చాలకపోవడం. పూర్తి 4 జీబీ సరిగ్గా పనిచేసే 980 పెట్టినా ఆ మలుపు దగ్గర కుదుపు వస్తుంది, కాస్త ఆలస్యంగా వస్తుంది. కార్డులో చోటు లేనప్పుడు సామాను మామూలు ర్యామ్‌లోంచి పీసీఐ స్లాట్ గుండా రావాలి, ఆ దారి వేగం సెకనుకి 16 జీబీ కూడా ఉండదు. కార్డు మెమరీ ముందు అది ఏ మూలకి? 970ని తిట్టేవాళ్లు మూడున్నర దగ్గర ఆగిపోతారు, నాలుగు గురించి మాట్లాడరు.

970 వాడేవాళ్లు దీనికి చేసుకోగలిగింది ఒక్కటే, టెక్స్చర్లు ఒక మెట్టు దించడం. నీడలు, గడ్డి, వెలుగులు ఎలా ఉన్నా పర్లేదు, వాటిని నడపడానికి కార్డుకి సత్తువ ఉంది. టెక్స్చర్లు దించి మెమరీ అంకెను 3.3 జీబీ లోపల ఉంచితే 970 ఇప్పటికీ చాలా మర్యాదగా నడుస్తుంది. వెనక బ్రౌజర్‌లో ముప్పై ట్యాబ్‌లు తెరిచి పెట్టకండి, అవి కూడా కార్డు మెమరీనే తింటాయి.

బస్ 192 బిట్టే కదా, 1060 మెమరీ వేగం తక్కువ కాదా అంటే, పేరుకి సెకనుకి 192 జీబీ, అంటే 970 వాడుకోగలిగే 196కి పక్కనే. పైగా పాస్కల్‌లో రంగుల సమాచారాన్ని కుదించి పంపే పద్ధతి ఒక తరం ముందుంది, కాబట్టి అంతే వెడల్పు దారిలో కాస్త ఎక్కువ సరుకు పోతుంది. డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ (గేముకి, కార్డుకి మధ్య నడిచే సాఫ్ట్‌వేర్ పద్ధతులు) వాడే గేముల్లో 1060 ఇంకాస్త ముందుకు పోవడానికి ఇంకో కారణం ఉంది. గ్రాఫిక్స్ పని, కంప్యూట్ పని (బొమ్మ గీయడం కాని లెక్కలు) కలిసి వచ్చినప్పుడు మ్యాక్స్‌వెల్ కోర్లను ముందే పంచి పెట్టేసి కూర్చుంటుంది, ఒకవైపు పని అయిపోయినా ఆ కోర్లు ఖాళీగా ఉంటాయి. పాస్కల్ మధ్యలో సర్దుబాటు చేసుకుంటుంది.

3 జీబీ 1060 సంగతి. 2016 ఆగస్టులో వచ్చింది, పేరు 1060 అనే పెట్టారు, తగ్గింది మెమరీ ఒక్కటే అనిపించేలా. లోపల కోర్లు కూడా 1280 నుంచి 1152కి తగ్గించారు. వేరే కార్డుకి అదే పేరు పెట్టి అమ్మడమిది, 970 గొడవ అయిన ఏడాదిన్నరకే. ఇప్పుడు 3 జీబీతో చేసేదేమీ లేదు. 970, 3 జీబీ 1060 ఎదురుగా పెట్టి ఎంచుకోమంటే కళ్లు మూసుకుని 970 తీసుకుంటాను. చైనా కోసం చేసిన 5 జీబీ రకం కూడా ఒకటుంది, దాని బస్ 160 బిట్టే, అదీ అక్కడక్కడా బయటికొస్తుంటుంది.

ఇప్పుడు మానిటర్. నన్నడిగితే మెమరీ తర్వాత పెద్ద తేడా ఇదే, దీన్ని ఏ చార్టూ చూపించదు. ఫ్రీసింక్ మానిటర్లు ఇప్పుడు మామూలైపోయాయి, ఫ్రేమ్ ఎప్పుడు తయారైతే అప్పుడు స్క్రీన్ రిఫ్రెష్ అవుతుంది, కాబట్టి 50 ఎఫ్‌పీఎస్ కూడా సాఫీగా అనిపిస్తుంది. ఎన్విడియా చాలా కాలం వీటిని దగ్గరికి రానివ్వలేదు, తన సొంత జీ-సింక్ మాడ్యూల్ ఉన్న ఖరీదైన మానిటర్లే వాడమంది. 2019 జనవరిలో డ్రైవర్ ద్వారా దారి వదిలింది, కానీ పాస్కల్ నుంచి మాత్రమే, అదీ డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో. అంటే 1060కి వచ్చింది, 970కి రాలేదు, ఇక రాదు కూడా.

దీని ఫలితం చూడండి. ఒక గేమ్ రెండు కార్డుల మీదా 48 నుంచి 58 మధ్య ఊగుతోందనుకుందాం. ఫ్రీసింక్ మానిటర్‌తో 1060 మీద అది హాయిగా ఆడే గేమ్. 970 మీద వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ లయకి కట్టేసే సెట్టింగ్) తీసేస్తే స్క్రీన్ మధ్యలో చిరిగినట్టు గీతలు, పెడితే కుదుపులు, లేదా 40కో 30కో బిగించుకోవాలి. అంకెలు ఒకటే, అనుభవం ఒకటి కాదు. మీ మానిటర్ మామూలు 60 హెర్ట్జ్‌ది అయితే ఈ పేరా మొత్తం మీకు అనవసరం, అది కూడా నిజమే.

మరీ పాత వీజీఏ మానిటర్ ఉన్నవాళ్లకి మాత్రం 970 మేలు. మామూలుగా దాని మీద అనలాగ్ సిగ్నల్ కూడా ఇచ్చే డీవీఐ-ఐ పోర్ట్ ఉంటుంది, చిన్న కన్వర్టర్ తగిలిస్తే చాలు. పాస్కల్ కార్డుల్లో అనలాగ్ పూర్తిగా తీసేశారు, డీవీఐ ఉన్నా అది డిజిటల్ మాత్రమే, లోపల సర్క్యూట్ ఉన్న కన్వర్టర్ విడిగా కొనుక్కోవాలి.

వీడియోల దగ్గర 970 వయసు బాగా బయటపడుతుంది. యూట్యూబ్‌లో 4కే వీడియో పెడితే ఎక్కువగా వచ్చేది వీపీ9 అనే కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), ఫోన్లలో తీసినవి చాలావరకు హెచ్.265. ఈ రెండిట్నీ పూర్తిగా విప్పే హార్డ్‌వేర్ 970 చిప్‌లో లేదు. విచిత్రం ఏమిటంటే దానికంటే చిన్న కార్డు 960లో హెచ్.265 విప్పే హార్డ్‌వేర్ ఉంది, ఎందుకంటే ఆ చిప్ కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చింది. కాబట్టి 970తో 4కే వీడియో చూస్తే భారం ప్రాసెసర్ మీద పడుతుంది, పాత నాలుగు కోర్ల ప్రాసెసర్ అయితే ఫ్యాన్ హోరెత్తుతుంది. 1060 పెట్టి టాస్క్ మేనేజర్ తెరిస్తే వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ కదులుతూ ఉంటుంది, ప్రాసెసర్ ఊరికే కూర్చుంటుంది. పది బిట్ హెచ్.265 కూడా 1060 తేలిగ్గా నడుపుతుంది. ఏవీ1 అనే కొత్త కోడెక్ మాత్రం రెండిటికీ రాదు. గేములు వారానికోసారి, వీడియోలు రోజూ చూసే ఇంట్లో అయితే ఈ ఒక్క కారణం చాలు 1060 వైపు మొగ్గడానికి.

కరెంటు, వేడి సంగతి త్వరగా చెప్పేస్తా. కాగితం మీద 970ది 145 వాట్లు, 1060ది 120. తేడా పాతికే అనిపిస్తుంది కానీ 970ల్లో చాలావాటిని కంపెనీలు ముందే ఓవర్‌క్లాక్ చేసి పవర్ లిమిట్ పెంచి అమ్మాయి, అవి 145 దగ్గర ఆగవు. 1060కి మామూలుగా ఒక 6-పిన్ కనెక్టర్ చాలు, 970కి రెండు కావాలి. ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్‌లో పెడదామనుకుంటే ఇక్కడే చిక్కు, వాటి ఎస్‌ఎంపీఎస్‌లో ఒక 6-పిన్ ఉంటేనే అదృష్టం. రెండోదాన్ని హార్డ్ డిస్క్ కేబుల్ నుంచి కన్వర్టర్‌తో లాగొచ్చు అని చెప్పేవాళ్లు ఉంటారు. నేనైతే లాగను.

970ల్లో ఎక్కువగా వినిపించే ఇంకో ఫిర్యాదు కాయిల్ కూత. గేమ్ మెనూలో ఎఫ్‌పీఎస్ వందలకి వందలు పోతున్నప్పుడు సన్నగా కీచుమంటుంది. కార్డు పాడైందని టెన్షన్ పడక్కర్లేదు, ఎఫ్‌పీఎస్‌కి ఒక హద్దు పెడితే దాదాపు పోతుంది. రాత్రిపూట పక్కన ఎవరైనా పడుకుంటే మాత్రం వాళ్లకి వినిపిస్తుంది.

చెయ్యి ఊరుకోనివాళ్లకి 970లో ఒక సరదా ఉంది. దాని బయాస్‌ను (కార్డులోనే ఉండే దాని సొంత ప్రోగ్రామ్‌ను) మార్చుకోవచ్చు, వోల్టేజ్, పవర్ లిమిట్, ఫ్యాన్ వేగం అన్నీ మన ఇష్టం, దానికి టూల్స్ కూడా అప్పట్లోనే వచ్చాయి. పాస్కల్ నుంచి బయాస్‌కి ఎన్విడియా సంతకం తప్పనిసరి చేసింది, మార్చినది కార్డు ఒప్పుకోదు. ఓవర్‌క్లాకింగ్ అనే పిచ్చికి 970 చివరి మంచి కార్డుల్లో ఒకటి, ఆ విషయంలో 1060 ఎంత చేసినా ఓ మోస్తరు. రెండు 970లు కలిపి ఎస్‌ఎల్ఐ కూడా చేయొచ్చు, 1060కి ఆ అవకాశమే ఇవ్వలేదు. కానీ ఇప్పటి గేములు ఎస్‌ఎల్ఐని పట్టించుకోవు, పైగా రెండు కార్డులు పెట్టినా మెమరీ కలవదు, మళ్లీ ఆ నాలుగే. కాబట్టి చౌకగా ఇంకో 970 దొరికిందని ఆశపడకండి.

డ్రైవర్ల దగ్గరకొస్తే రెండిటి జాతకం ఒకటే అయింది. మ్యాక్స్‌వెల్, పాస్కల్ రెండిటికీ కలిపి కొత్త గేముల కోసం ఇచ్చే డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేస్తామని ఎన్విడియా ప్రకటించింది, ఆ తర్వాత 2028 అక్టోబర్ దాకా మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లు. "1060 కొత్తది కదా, ఎక్కువ కాలం సపోర్ట్ ఉంటుంది" అనే వాదన దీంతో పోయింది. ఆల్రెడీ ఉన్న గేములకి ఏమీ కాదు, నిన్న ఆడింది రేపూ ఆడుతుంది. కొత్తగా వచ్చే పెద్ద గేముల్లో మెష్ షేడర్లు (ఆకారాలను గీసే కొత్త పద్ధతి), రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి చూపడం) తప్పనిసరి చేస్తున్నవి పెరుగుతున్నాయి, మెష్ షేడర్ల హార్డ్‌వేర్ ఈ రెండిట్లోనూ లేదు. రే ట్రేసింగ్‌ను 2019 ఏప్రిల్‌లో డ్రైవర్ ద్వారా 1060కి ఇచ్చారు, నేను పెట్టి చూశాను, స్లైడ్ షో. దాన్ని ఒక లాభంగా లెక్కేయకండి.

ఇక తీర్పు అంటే, మీ దగ్గర 970 ఆల్రెడీ ఉండి అది బాగా నడుస్తుంటే 1060 కోసం డబ్బు పెట్టొద్దు. ఫ్రీసింక్ మానిటర్ ఉండటమో, 4కే వీడియోలు ప్రాసెసర్‌ని చంపేయడమో లాంటి కచ్చితమైన కారణం ఉంటే అప్పుడు ఆలోచించండి, అప్పుడు కూడా 1060 దగ్గర ఆగకుండా ఇంకా కొత్త తరం వైపు చూడండి. ఏదీ లేకుండా సెకండ్ హ్యాండ్‌లో ఈ రెండిటి మధ్య ఎంచుకోవాలంటే 6 జీబీ 1060, రెండో ఆలోచన వద్దు. 970 మరీ సగం ధరకి వస్తే, మానిటర్ పాత 60 హెర్ట్జ్‌ది అయితే, ఆడేది 2017 లోపు గేములైతే, అప్పుడు 970 మంచి బేరం. ఎస్‌ఎంపీఎస్ గట్టిగా ఉంటే ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 8 జీబీని కూడా ఒకసారి చూడమంటాను, కరెంటు ఎక్కువ తాగుతుంది కానీ మెమరీ ఎక్కువ.

కొనేటప్పుడు 1060తో జాగ్రత్త ఎక్కువ పడాలి. స్టీమ్ (గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) హార్డ్‌వేర్ సర్వేలో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో కూర్చున్న కార్డు అది, 2022 చివర్లో జీటీఎక్స్ 1650 వచ్చి దించేదాకా. అంత పేరున్నప్పుడు నకిలీలు రాకుండా ఉంటాయా? ఎప్పుడో 2010, 2011 నాటి చిన్న కార్డుల బయాస్ మార్చి, 1060 అని స్టిక్కర్ అంటించి అమ్మినవి చాలా ఉన్నాయి. విండోస్‌లో పేరు 1060 అనే చూపిస్తాయి. జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి చూడాలి, చిప్ పేరు జీపీ106, షేడర్లు (అంటే కోర్లు) 1280, బస్ 192 బిట్, మెమరీ 6144 ఎంబీ, ఈ నాలుగూ కలవాలి. నకిలీ చిప్‌ను పట్టుకుంటే ఆ ప్రోగ్రామే పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. కొద్ది సంఖ్యలో 1080 చిప్‌ను కోసి చేసిన అసలైన 1060లు కూడా ఉన్నాయి, వాటిలో చిప్ పేరు జీపీ104 అని వస్తుంది, అవి నకిలీ కాదు, వదులుకోకండి.

రెండోది మైనింగ్, అంటే క్రిప్టో నాణేల కోసం కార్డును రాత్రీ పగలూ నడపడం. 6 జీబీ మెమరీ ఉండటం వల్ల 1060లు ఎథీరియం మైనింగ్‌లో బాగా నలిగాయి, 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక గుట్టలుగా బయటికొచ్చాయి. మైనింగ్ చేసినంత మాత్రాన చిప్ చచ్చిపోదు, ముందు పోయేవి ఫ్యాన్లు, తర్వాత మెమరీ. కార్డును చేతిలోకి తీసుకుని ఫ్యాన్ రెక్కను వేలితో మెల్లగా తిప్పండి, అటూ ఇటూ ఊగినా, గరగరమన్నా బేరింగ్ అయిపోయినట్టే. బ్యాక్‌ప్లేట్ దగ్గర, మెమరీ చిప్‌ల చుట్టూ నూనె కారినట్టు జిడ్డు ఉంటే అది థర్మల్ ప్యాడ్‌లోంచి (వేడిని లాగే మెత్తటి పట్టీలోంచి) వచ్చింది, మరీ భయపడాల్సిందేమీ కాదు, ప్యాడ్లు మార్చుకోవచ్చు. స్క్రూల మీద గీతలుంటే ఎవరో విప్పారని అర్థం, ఎందుకు విప్పారో అడగండి. తర్వాత ఏదైనా బరువైన టెస్ట్ ఓ అరగంట నడిపి, స్క్రీన్ మీద రంగురంగుల చుక్కలు, గళ్లు వస్తున్నాయేమో చూడండి. చల్లగా ఉన్నప్పుడు రాని చుక్కలు 75 డిగ్రీలు దాటాక వస్తాయి, అందుకే అయిదు నిమిషాల టెస్ట్‌తో "చూశారుగా, బాగుంది" అనేవాళ్ల మాట వినొద్దు. అరగంట నడపనివ్వకపోతే ఆ కార్డు అక్కడే వదిలేసి రండి.